నారపట్టా మెత్తబడేదాకా

ఆ రోజుల్లో మా మెదకులో ఎవరు ఎవరి మనిషో తెలియక జనం నోరు విప్పడానికే జంకేవాళ్ళు. ఒకవైపు రజాకార్లు, ఇంకోవైపు దళాలు, ఆ తర్వాత మిలట్రీ లారీలు. అయినా చిత్రం చూడండి, అదే జనం మా మేనమామ మంగలి దుకాణంలోకి వచ్చి, కుర్సీలో వెనక్కి వాలి, గొంతు పైకెత్తి, కత్తి కింద హాయిగా కళ్ళు మూసుకునేవాళ్ళు. దీని గురించి ఇప్పుడు ఎంతసేపైనా ఆలోచిస్తాను గానీ, అప్పుడు నాకు అంత బుర్ర ఎక్కడిది? ఇరవై ఏళ్ళ వయసు, చేతిలో సొంత ఉస్త్రాకత్తి, నెత్తికెక్కిన పొగరు. హవేలిఘనపూర్ నుంచి వచ్చే రైతులు నా చేతే గీయించుకుంటామని పట్టుబడుతున్నారని నేనే ఊరంతా చెప్పుకునేవాణ్ణి (పట్టుబట్టింది ఒక్కడే, వాడూ మామ చేయి ఖాళీ లేకనే). ఇక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. మామ గడ్డం నేను గీయాలి.

అదేం పెద్ద కోరికా అంటారేమో. మా వృత్తిలో వాళ్ళు తమ గడ్డం తాము గీసుకునేవారు కాదు, తోటి పనివాడికి అప్పగించేవాళ్ళు. ఎవరికి అప్పగిస్తారన్నది వాళ్ళ మర్యాదకు గుర్తు. మామ ఆ పని పక్క దుకాణం ఉస్తాదుకు అప్పగించాడు. ఆయన తురకాయన, మామ ఈడువాడే. ప్రతి శుక్రవారం నమాజుకు ముందు మామ వెళ్ళి ఉస్తాదు గడ్డం సరిచేసి వచ్చేవాడు. సోమవారం పొద్దున ఉస్తాదు వచ్చి మామకు గీసేవాడు. గీస్తున్నంతసేపూ ముచ్చట్లే. కోడలి వంట దగ్గర మొదలుపెట్టి నిజాం సర్కారు దాకా పోయేవాడు. మామ నురగలోంచే ఊఁ కొట్టేవాడు. రజాకార్ల జోరు నడిచిన రోజుల్లో మా దుకాణం మీద ఒక్క చెయ్యి కూడా పడలేదంటే, గడప ముందు ఉస్తాదు నిలబడి ఉండటం వల్లనే.

పోలీసు యాక్షన్ అయ్యాక కాలం తిరగబడింది. ఇప్పుడు భయపడటం ఉస్తాదు వంతయింది. ఇంట్లో ఆడవాళ్ళకు కంటి మీద కునుకు లేదని, కొన్నాళ్ళు పట్నంలో బామ్మర్ది ఇంట్లో ఉండొస్తానని చెప్పాడు. మామ తానుండగా ఎవడూ ముట్టుకోడని మొత్తుకున్నాడు. మామ ఉన్నంత మాత్రాన ఏమవుతుంది పాపం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పోయే ముందు ఉస్తాదు ఒక కొత్త నారపట్టా తెచ్చి మామ చేతిలో పెట్టాడు. కత్తిని తోలుపట్టా మీద లాగే ముందు సాపు చేసుకునే మందపాటి నారబట్ట అది. కొత్తలో చెక్కలా బిర్రుగా ఉంటుంది. సబ్బు నురగ పట్టించి, నీడన ఆరబెట్టి, గాజుసీసాతో దొర్లించి, అరచేత్తో నెలల తరబడి రుద్దితే గానీ దారికి రాదు.

"గిది మెత్తవడేలోపల నేనొచ్చేస్త భాయ్. నువ్వు తొందర వెట్టకు," అన్నాడు ఉస్తాదు.

మామ దాన్ని గోడకు తగిలించాడు, ఇక ముట్టుకుంటే ఒట్టు. గడ్డం మాత్రం పెరగడం మొదలైంది. బజారులో తురకలు ఎందరో భయంతో గడ్డాలు తీయించుకుంటుంటే మా మామ ఒక్కడే పెంచాడు. మంగలి దుకాణంలో మంగలికే గడ్డమేమిటని వచ్చినవాళ్ళంతా ఆటపట్టించేవాళ్ళు. ఏడుపాయల జాతరకు మొక్కుకున్నాడేమోనని ఒకాయన పందెం కూడా కాశాడు. నాకు తల తీసేసినట్టుండేది. నేనుండగా మామకు గడ్డమా! నా లెక్క నాది: ఉస్తాదు ఇచ్చిన పట్టా నా చేతుల మీద మెత్తబడితే, నా పనితనం చూసి మామ తనంతట తానే కుర్సీలో కూర్చుంటాడు.

కానీ నెలల తరబడి రుద్దే ఓపిక ఎవరికుంది? మామ శివ్వంపేట పెళ్ళికి సన్నాయి వాయించడానికి పోయినప్పుడు దాన్ని గోడ మీంచి దించి, నేరుగా చాకలాయనకు ఇచ్చొచ్చాను. సవుడుమన్ను పెట్టి ఉడికించి, బండకేసి నాలుగు బాదితే మెత్తబడక చస్తుందా అని నా తెలివి. ఆయన ఉడికించాడు, బాదాడు, అంతా బాగానే చేశాడు. చివరికి తెచ్చి ఇస్తే చూద్దును కదా, అట్టలా నిటారుగా నిలబడింది.

"దుకాన్ల నలుగురి కండ్లవడేది గద తమ్మీ, జర గంజి ఎక్కువనే వెట్టిన," అన్నాడు చాకలాయన, ఎంతో ప్రేమగా.

మామ వచ్చేసరికి నేను దుకాణం మూల నక్కి ఉన్నాను. తన్నులు తప్పవనుకున్నాను. మామ ఆ పట్టాను చేతిలోకి తీసుకుని, వేలితో టకటకా కొట్టి చూసి, గడప మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. అంతగా నవ్వడం ఉస్తాదు ఊరు విడిచాక నేను చూడలేదు.

"మంచి పని జేసినవు తియ్ అల్లుడా. ఇగ ఇప్పట్ల మెత్తవడది," అన్నాడు.

తిట్టనందుకు సంతోషించానే గానీ, ఎందుకు తిట్టలేదని ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. గంజి పోయేదాకా ఉతికాను. ఈసారి బుద్ధిగా నురగ పట్టించాను, సీసా దొర్లించాను, అరచేతులు బొబ్బలెక్కేలా రుద్దాను. మామ అటు చూసినా చూడనట్టే ఉండేవాడు. ఒకటి రెండుసార్లు, అంత తొందరేముందిరా, వేరే పని లేదా అని విసుక్కున్నాడు కూడా. నా పనితనం చూసి ఈసుపడుతున్నాడనుకున్నాను. అంత మొద్దును.

శివరాత్రి జాతర అయిపోయిన సోమవారం పట్నం నుంచి ఉస్తాదు బామ్మర్ది ఎడ్లబండితో వచ్చాడు. పక్క దుకాణం తాళం తీసి సామాన్లు బండికెక్కించాడు. బావ ఇక రాడని, పట్నంలోనే దుకాణం చూసుకున్నాడని చెప్పాడు. మామ కూడా చేయి వేసి నిలువుటద్దం మోశాడు. బండి కదిలిపోయాక లోపలికి వచ్చి, పట్టాను వేళ్ళ మధ్య ఒకసారి నలిపి చూశాడు. అది జారే పైటకొంగులా ఉంది. కుర్సీలో కూర్చుని గొంతు పైకెత్తాడు.

నేను గెలిచాననుకున్నాను. ఆ పట్టా మీద కత్తి లాగుతుంటే నా ఒళ్ళంతా పులకరించింది. ఊపిరి బిగబట్టి, పెదవి కదపకుండా, ఒక్క గాటు పడకుండా అన్ని నెలల గడ్డం దించాను. మామ కళ్ళు చెమర్చితే నురగ పడిందనుకుని తువ్వాలుతో అద్దాను కూడా. అయిపోయాక ఆయన చెంప తడుముకున్నాడు.

"చెయ్యి మంచిగ కుదిరింది అల్లుడా. గాని ఉస్తాదు ముచ్చట వెట్టుకుంట గీకేటోడు."

నేనేమన్నానో తెలుసా? "ఎక్కడా గాటు వడలె, సూస్కో మామా" అన్నాను, అద్దం ముఖానికి ఎదురుగా పట్టి.

మామ పోయి ఏళ్ళయింది. ఉస్తాదు కబురు మళ్ళీ తెలియలేదు. నా కుర్సీలో కూర్చున్నవాళ్ళతో వానల గురించి, ధరల గురించి, వాళ్ళ అల్లుళ్ళ గురించి నేను వాగని రోజు లేదు. తాతకు కత్తి కంటే నాలుకే పదునని మనవలు వెక్కిరిస్తారు, నేనూ నవ్వుతాను. మాట్లాడాల్సిన ఆ ఒక్క సోమవారం మాత్రం నోరు మూసుకుని గీశాను.