మనిషికొక పుల్ల

డిగ్రీ రెండో సంవత్సరం చదివే మనిషికి ఈ లోకంలో తెలియని సంగతంటూ ఉండదు. మొదటి సంవత్సరంలో మనకేమీ తెలియదని తెలుస్తుంది. మూడో సంవత్సరానికి తెలిసింది కూడా అనుమానంగానే ఉంటుంది. ఉద్యోగంలో చేరాక తెలిసినవాళ్లను అడగడం అలవాటవుతుంది. కానీ ఆ నడిమి సంవత్సరం ఉంది చూశారూ, అది మాత్రం అచ్చమైన సర్వజ్ఞత్వం. నేను జనగామలో హాస్టల్లో ఉండి బయోకెమిస్ట్రీ చదువుతూ దాన్ని సుమారు పది నెలలు అనుభవించాను. కంచం ముందు కూర్చుంటే నాకు అన్నం కనిపించేది కాదు, పిండి పదార్థం విరిగి చక్కెరగా మారడం కనిపించేది. గదిలో ఎవరికైనా కాళ్లు గుంజితే కండరాల్లో పేరుకునే ఆమ్లం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని (కాళ్లు పిసకమంటే మాత్రం పిసికేదాన్ని కాదు).

మా ఇల్లు రేగొండ దగ్గర ఒక చిన్న ఊళ్లో. బాపు రేగొండలో కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే పని చేస్తాడు. అమ్మ మా ఎకరంన్నర పత్తి చేనును, రెండు బర్రెలను, బాపును, అన్నను, నన్ను, సరిగ్గా ఈ వరుసలోనే చూసుకుంటుంది. నా కోర్సు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. బిడ్డ ఏం చదువుతున్నదని ఎవరైనా అడిగితే బాపు కాసేపు ఆలోచించి, "నెత్తురు చదువు" అనేవాడు. ఆ దెబ్బతో నేను సెలవులకు వచ్చానని తెలిస్తే చాలు, మోకాళ్ల నొప్పులవాళ్లంతా గోలీల పొట్లాలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. నేను వాళ్లకు కీళ్ల సంధుల్లో ఉండే ద్రవం గురించి వివరంగా చెప్పేదాన్ని. వాళ్లు ఎంతో ఓపికగా విని, చివర్లో "ఇంతకు గీ గోలి ఏసుకోవాల్నా, వద్దా బిడ్డా?" అని అడిగేవాళ్లు. అది నాకు తెలియదని చెప్పడానికి నాకు మనసొప్పేది కాదు.

ఇక మా అన్న. నాకన్నా మూడేళ్లు పెద్ద. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ వాడు చెప్పే ముచ్చట ఒకటే: "నువ్వు మా అమ్మకు పుట్టలే. జాతరకు పోయినప్పుడు తవుడు పోసి కొనుక్కొచ్చినం." చిన్నవాళ్లను ఇట్లా ఏడిపించడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదేనని నాకు తర్వాత తెలిసింది కానీ, మావాడు దానికి సాక్ష్యాలు కూడా చూపించేవాడు. ఇంట్లో అందరికీ కాకరకాయ కూర ప్రాణం, నేను ముట్టను. అందరిదీ కుడిచెయ్యి వాటం, నాది ఎడమ. అన్న పుట్టినప్పటి ఫోటో గోడకు వేలాడుతూ ఉంటుంది, నాది లేదు. ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరుగెత్తితే ఆమె చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "ఔ మల్ల. రెండు శేర్ల తవుడు. ఆ దినం బర్రె పస్తున్నది" అనేది. నేను ఆ బర్రెకు కూడా క్షమాపణ చెప్పుకున్న రోజులున్నాయి.

దసరా సెలవులకు ముందు మా మేడం రక్తం గ్రూపుల పాఠం చెప్పింది. పని చాలా తేలిక. తెల్లటి పలక మీద నీలం సీసాలోని మందు ఒక చుక్క, పసుపు సీసాలోని మందు ఒక చుక్క వేస్తారు. రెండింట్లోనూ కొంచెం నెత్తురు కలుపుతారు. నీలం చుక్కలో నెత్తురు పలుకులు పలుకులుగా గడ్డకడితే ‘ఏ’ గ్రూపు, పసుపు చుక్కలో కడితే ‘బీ’, రెండింట్లో కడితే ‘ఏబీ’, ఎక్కడా కట్టకపోతే ‘ఓ’. (మూడో సీసా కూడా ఒకటుంటుంది, ప్లస్సూ మైనస్సూ తేల్చడానికి. ఈ కథలో అది ఏ తప్పూ చేయలేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.) చివరగా మేడం బోర్డు మీద ఒక వాక్యం రాసింది: తల్లిది ‘ఏబీ’ అయితే బిడ్డది ‘ఓ’ కాదు. నేను దాని కింద రెండు గీతలు గీసుకున్నాను. నాది ‘ఓ’ అని ఆ రోజే తేలింది.

అంత విద్య చేతికొచ్చాక ఊరికే ఉండగలమా? మా ల్యాబ్‌లో సీసాలు కడిగి, సామాను అందించే ఆయన్ని అందరం ల్యాబన్న అని పిలిచేవాళ్లం. ఆయన్ని బతిమాలి, అడుగున నాలుగు చుక్కలు మిగిలిన సీసాలు సంపాదించాను. "పైలం చెల్లె, సల్లగ ఉంచు" అన్నాడాయన. టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య వాటిని పెట్టుకుని, రెండు బస్సులు, ఒక ఆటో మారి, పసిపిల్లను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాను. వేళ్లు గుచ్చే సూదులు తెచ్చాను, దూది తెచ్చాను. నెత్తురు కలిపే పుల్లలు మాత్రం హాస్టల్లో మరిచిపోయాను.

"అమ్మా, చీపురు పుల్లలు కావాలె. ఒక పది విరిచియ్యి."

"పది పుల్లలా? పండుగ పూట చీపురు ఇరుస్తరా ఎవరన్న? లచ్చిమి పోతది."

చాలాసేపు బేరమాడితే మనిషికొక పుల్ల దగ్గర తెగింది. నిజానికి చుక్కకొక పుల్ల వాడాలి, మేడం ఆ మాట రెండుసార్లు చెప్పింది. కానీ సర్వజ్ఞులకు అటువంటి చిన్న విషయాలు పట్టవు. ఒకటే పుల్లతో అటు కలిపి ఇటు కలిపితే ఏం కొంపలు మునుగుతాయనుకున్నాను.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తెల్ల టైల్ ముక్క కడిగి, అరుగు మీద దుకాణం పెట్టాను. ముందు బాపు. తీగలు చుట్టీ చుట్టీ గట్టిపడిన ఆ వేళ్లలోకి సూది దిగడమే కష్టమైంది. ఎక్కడా గడ్డకట్టలేదు: ‘ఓ’. తర్వాత అన్న. పదమూడేళ్లప్పుడే పామును కర్రతో కొట్టి చంపానని చెప్పుకునే మా అన్న, సూది చూడగానే గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారిపోయాడు. వాడు కళ్లు తెరిచేలోపు నీలం చుక్క కలిపి, పసుపు చుక్క కలిపి, ‘బీ’ అని రాసుకున్నాను. ఆఖరికి అమ్మ వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని వేలు చాపింది. నేను పుల్లను నీలం చుక్కవైపు తీసుకుపోతుంటే ఆపింది.

"పసుపు ఉండంగ ముందు నీలంల పెడుతరానే? శుభమాని పసుపుల పెట్టు."

సరేనని ముందు పసుపులో కలిపాను. గడ్డకట్టింది. అదే పుల్లతో నీలంలో కలిపాను. కాసేపటికి అదీ సన్నగా పలుకులు కట్టింది. ‘ఏబీ’. మేడం బోర్డు మీద రాసిన వాక్యం, దాని కింద నేను గీసిన రెండు గీతలతో సహా కళ్ల ముందుకొచ్చింది. అన్న ‘బీ’, వాడికి ఏ ఇబ్బందీ లేదు. ‘ఓ’ అయిన నేనే ఆ ఇంటిదాన్ని కాదు.

"ఏమొచ్చింది?" అంది అమ్మ.

"మంచి గ్రూపే" అని టైల్ కడిగేశాను.

ఆ తర్వాతి వారం రోజులు నేను పడ్డ బాధ గురించి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు మాత్రం నిజంగానే అన్నం సహించలేదు. భూపాలపల్లిలో బొగ్గుగని క్వార్టర్లలో ఎవరో ఒక తల్లి, బహుశా ఎడమచేతి వాటం మనిషి, జాతర గుంపులో తప్పిపోయిన బిడ్డ కోసం ఇప్పటికీ ఏడుస్తూ ఉంటుందని ఊహించుకున్నాను. ఆమె కాకరకాయ వండదు. ఇక ఇక్కడ, కన్నబిడ్డ కాకపోయినా ఇంతకాలం సాకిన ఈ అమ్మకు ఇబ్బంది కలిగించకూడదనుకున్నాను. కాకరకాయ కూర మారు అడిగి తిన్నాను. నా కంచం నేనే కడుక్కున్నాను. మంచినీళ్లు ఇస్తే థాంక్స్ అన్నాను. అమ్మ నిజంగా భయపడిపోయింది. ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. అవి ఘాటు రాకుండా మాడేసరికి ఇంకా పరేషానైంది.

సెలవుల ఆఖరి రోజు, అమ్మ డబ్బాలో నాకు మురుకులు సర్దుతుండగా, అన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఫోన్ ఇటియ్యి. ఎవడు వాడు?"

"ఎవడు లేడు."

"మరి గిట్లెందుకైనవ్?"

"చెప్పు బిడ్డా" అంది అమ్మ. "ఎవరైనా సరే, ముందుగాల నాకు చెప్పు."

ఆమె అట్లా మెత్తగా అడిగేసరికి నా వల్ల కాలేదు. "నేను నీ బిడ్డను కానమ్మా" అని బావురుమన్నాను. ఆ తర్వాత ముక్కు ఎగబీలుస్తూనే, పాత పేపరు మీద పెన్నుతో తల్లీ తండ్రీ పిల్లల గీతలు గీసి, మొత్తం వంశ శాస్త్రం వివరించాను. బాపు పేపరును అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్న ముఖం పాలిపోయింది. "తవుడు ముచ్చట నేను ఉత్తగనే అన్ననే చెల్లె" అన్నాడు, వాడి గొంతు వాడికే వినబడనంత చిన్నగా. అమ్మ మాత్రం మురుకు పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంచి నన్నే చూసింది.

"నిన్ను కన్ననాడు నేను ఆడ్నే ఉన్న గద బిడ్డా. నీ సీసాలు ఆడ ఉన్నయా?"

"దవాఖానల పిల్లలు మారిపోవచ్చు కదా" అన్నాను. శాస్త్రం ఓడిపోతుంటే చూస్తూ ఊరుకోలేం.

"నువ్వు దవాఖాన దాక ఆగినవా? పరకాల తొవ్వల జీపులనే పుడితివి. మార్చుటానికి ఆ జీపుల ఇంకో పిల్ల యాడిది?"

ఈ జీపు సంగతి అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు, తవుడు ముచ్చటే బాగుందనుకున్నారేమో. అయినా నేను మెత్తబడలేదు. బోర్డు మీద వాక్యం బోర్డు మీద వాక్యమే. ఆ మేడంనే అడుగుదామని అమ్మ తెల్లారి బర్రెలను బాపుకు అప్పజెప్పి, పండుగ చీర కట్టుకుని, మురుకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని నాతోపాటు బస్సెక్కింది. ఆమె జనగామ చూడటం అదే మొదటిసారి. పరకాల ఇంకా రాకముందే రోడ్డు కింద వాన నీళ్లు పోయే ఒక మోరీ దగ్గర కిటికీలోంచి వేలు చూపించి, "గిక్కడ్నే" అంది. చూశాను. ఉత్త మోరీ, పక్కన తంగేడు పొదలు. హనుమకొండ దాటాక ఉండబట్టలేక అడిగాను.

"మేడం గూడ ‘ఏబీ’నే అంటే ఏం చేద్దాం అమ్మా?"

"ఏం చేసుడేంది. ఇద్దరం వాపస్ ఇంటికి పోవుడే. పొద్దుగూకితే బర్రెలు మీ బాపుకు పాలియ్యవు."

ఆ జవాబు నాకు ఏమాత్రం శాస్త్రీయంగా అనిపించలేదు.

మేడం ల్యాబ్‌లో మా కథంతా నవ్వకుండా విన్నది. అది ఎంత కష్టమైన పనో ఇప్పుడు నాకు తెలుసు. విని, ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఎన్ని పుల్లలు వాడినవు?"

"మనిషికొకటి మేడం."

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అమ్మ వేలు మళ్లీ గుచ్చింది. పసుపు చుక్కకు ఒక పుల్ల, నీలం చుక్కకు ఇంకో పుల్ల. పసుపులో గడ్డకట్టింది. నీలంలో మేము ముగ్గురం ఎంతసేపు చూసినా ఏమీ కట్టలేదు. అమ్మది ‘బీ’. నా పుల్ల పసుపు మందును మోసుకుపోయి నీలంలో కలిపింది, అంతే. బాపుకు ‘ఓ’ కాబట్టి ఏ పుల్ల ఎటు కలిపినా ఏమీ కాలేదు. అన్నకు నీలం ముందు కలిపాను కాబట్టి గండం గడిచింది. లచ్చిమి పోకూడదని ఒకటే పుల్ల ఇచ్చిన అమ్మ, శుభమాని పసుపు ముందు కలపమన్న అమ్మ, తన బిడ్డను తానే కాసేపు పోగొట్టుకుంది. (తల్లిది ‘బీ’, తండ్రిది ‘ఓ’ అయితే బిడ్డ ‘ఓ’ కావచ్చు అని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది, అవునని ఒట్టు పెట్టదు. ఈ సంగతి మేడం నాకు చెవిలో చెప్పింది. నేను అమ్మకు చెప్పలేదు, ఆమెకు ఆ మోరీ ఉంది.)

"ఇంకో పుల్ల అడుగకపోయినవానే" అంది అమ్మ. అప్పుడు మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు చూశాను. వారం రోజులుగా నేను ఒక్కదాన్నే బాధపడుతున్నాననుకున్నాను కానీ, నిన్నటి నుంచి ఆమె ఎంత బిగబట్టుకుని ఉందో నాకు తట్టనేలేదు. మేడంకు మురుకుల డబ్బా ఇచ్చి, బర్రెల వేళకు చేరాలని గబగబా బస్టాండుకు నడిచింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, "కాకరకాయ ఇగ వండనులే" అంది.

ఇప్పుడు నేను హనుమకొండలో ఒక రక్తనిధిలో పనిచేస్తున్నాను. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది పుల్లల లెక్కే. అప్పుడప్పుడు వాళ్లలో ఒక పిల్ల వస్తుంది, లోకంలో తనకు తెలియనిదంటూ లేనట్టు ముఖం పెట్టుకుని. ఆ ముఖం చూస్తే నాకు కోపం రాదు, కొంచెం అసూయ మాత్రం కలుగుతుంది. అంత గట్టిగా దేన్నయినా నమ్మి నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. మొన్నామధ్య అమ్మ నన్ను చూడటానికి వచ్చి, ఎట్లాగూ వచ్చాను కదా, నెత్తురు ఇచ్చిపోతానని కూర్చుంది. అటువంటి పిల్లే ఒకతి ఆమె వేలు గుచ్చి, పసుపు చుక్క కలుపుతూ, నావైపు చూసి, "మీ అమ్మనా మేడం?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"ఏమో బిడ్డా. పుల్ల మార్చి చూడు."

ఆ పిల్ల నిజంగానే పుల్ల మార్చింది.