విప్పని ఛార్జర్ సంచీ

మా అమ్మమ్మ హిల్కా ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని తడిమి చూస్తుంది. కాస్త ఊపి, "దీని కాలు వదులైంది" అని ఇంటివాళ్ళకి చెప్పి, అప్పుడు కూర్చుంటుంది. అందుకే ఆవిడని కాఫీకి పిలిచేవాళ్ళు తక్కువ. కానీ కంప్యూటర్ కొనాలంటే మాత్రం తంపెరే ఊళ్ళో సగం మంది ఆవిడ రాసింది చదివాకే కొంటారు. సగం అన్నది ఆవిడ లెక్క. నా లెక్కలో మా భవనం మెట్లెక్కే జనం, గ్రంథాలయంలో పత్రికలు తిరగేసే ముసలాళ్ళు, ఇంకో నలుగురైదుగురు. అలా అన్నానని ఓ పూట నాకు గంజి పెట్టలేదు.

పెళ్ళి కాకముందు నుంచీ టైప్‌రైటర్లమ్మే కొట్లో పనిచేసింది. ఆ కొట్టు మూతపడ్డాక మా ఊరి పక్షపత్రికవాళ్ళు, "కొనేవాళ్ళకి అర్థమయ్యేలా యంత్రాల గురించి ఓ పేజీ రాయగలవా?" అని అడిగారు. ఇరవై రెండేళ్ళుగా రాస్తూనే ఉంది. ఒక్కసారి కూడా "గత సంచికలో పొరపాటు" అని వేయించుకోలేదు. ఈ ముక్క అమ్మమ్మ రోజుకోసారైనా అంటుంది. పళ్ళు తోముకుంటూ కూడా అంటుంది.

ఆవిడ పరీక్షలు చూస్తే మీకు నవ్వొస్తుంది. లాప్‌టాప్‌ని కూరగాయల తక్కెడ మీద తూస్తుంది. అడుగు ఎంత కాలుతోందో ఆవిరిస్నానం చేసే సౌనా గోడకి తగిలించే థర్మామీటర్‌తో చూస్తుంది. టచ్‌స్క్రీన్‌ అయితే దాల్చినచెక్క బన్ను తిని, చేతులు కడుక్కోకుండా వేళ్ళతో రాసి, మరకలెన్ని పడ్డాయో కిటికీ వెలుతురులో లెక్కపెడుతుంది. ఆటలాడి చూడటం ఒక్కటే ఆవిడ వల్ల కాదు. ఆ విభాగం నాది. వృత్తి పాఠశాలలో రెండుసార్లు చేరి రెండుసార్లు మానేసిన నాకు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఉద్యోగం అదే.

ఇంకో అలవాటుంది. పరీక్షకి వచ్చే యంత్రం అరువు సరుకు కదా, పెట్టెలోని ఛార్జర్ సంచీని ఎప్పుడూ విప్పదు. దాని మూతి మీద అంటించిన కాగితం చిరగకుండా అలాగే తిరిగి పంపాలి. "చుట్టం పెట్టె మనం తెరుస్తామా?" అంటుంది. మరి కరెంటో? వంటింట్లో రొట్టెల డబ్బా వెనక ఓ ఛార్జర్ ఉంది. దాని కోలమూతి ఈ రోజుల్లో అన్ని యంత్రాలకీ సరిపోతుంది. ఏది వచ్చినా దానికే తగిలిస్తుంది.

నవంబరు మొదట్లో ఆ సన్న లాప్‌టాప్ వచ్చింది. పంపింది వాసా ఊళ్ళో వీటిని తెప్పించి అమ్మే నూహోల్మ్ అనే ఆయన. ఐదారుగురు పనిచేసే చిన్న దుకాణం. వెల ఎనిమిది వందల యూరోలు. తక్కెడ మీద పెడితే కిలో నాలుగొందల గ్రాములు తూగింది. ఒక్క వేలితో ఎత్తితే మూత లేచింది, అడుగు బల్లకే అంటిపెట్టుకుని ఉంది. "చూశావా పిల్లా, చవక యంత్రమైతే మూతతో పాటు మొత్తం లేచొస్తుంది" అని అమ్మమ్మ మెచ్చుకుంది. వేలితో పొడిస్తే తెర ఊగుతుందేమోనని పక్కన కప్పు నిండా కాఫీ పెట్టి పొడిచింది. కాఫీ కదల్లేదు. ఉన్ని చేతితొడుగులతో బస్సు స్టాపు దాకా తీసుకెళ్ళి అక్కడ కూడా పొడిచింది. మంచులో తడుస్తూ నిలబడ్డవాళ్ళు పక్కకి జరిగారు. మీటలు మాత్రం లోతు లేవంది. బన్ను మరకలు పదకొండు.

అన్నిటికంటే గొప్ప, లోపల బొమ్మల పనికోసమే విడిగా ఓ గ్రాఫిక్స్ చిప్ ఉందని పెట్టె మీద మెరిసే అక్షరాలతో రాశారు. ఇంత సన్నదానిలో, ఇంత వెలకి అది దొరకదు. ఇళ్ళ నమూనాలు గీసేవాళ్ళకి, వీడియోలు కత్తిరించేవాళ్ళకి, నాలాంటి పనిలేనివాళ్ళకి కావలసింది అదే.

నేను మంచుకొండల్లో గుర్రమెక్కి తిరిగే ఆట పెట్టాను. గుర్రం రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ రెండడుగులు, మళ్ళీ ఆగింది.

"ఎలా ఉందే?" అంది అమ్మమ్మ.

"గుర్రానికి మోకాళ్ళ నొప్పులు."

"నిజంగా చెప్పు."

"నిజంగానే. చిప్ ఉందని రాశారు గానీ, ఉన్నట్టు లేదు."

మూడు రోజులు చూసి అమ్మమ్మ రాసింది: పెట్టె మీద మెరిసే అక్షరాలకి డబ్బు పోయకండి, చిప్ పేరుకే ఉంది, ఈ యంత్రం బట్టలు బాగున్న బద్ధకస్తుడు. ఆ చివరి మాట నేనందించాను. గురువారం పత్రిక వచ్చింది. ఆ వాక్యం దగ్గర గ్రంథాలయంలో ఎవరో నవ్వారని అమ్మమ్మ పొంగిపోయింది.

శుక్రవారం పొద్దున నూహోల్మ్ గారి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా రాశాడు. "మీ లెక్కలకీ మా లెక్కలకీ సగానికి సగం తేడా వస్తోంది. మా సరుకులో లోపముంటే తెలుసుకోవాలి. పెట్టెలో ఇచ్చిన ఛార్జరే వాడారు కదండీ?"

అమ్మమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. తర్వాత పెట్టె వైపు చూసింది. సంచీ అందులోనే ఉంది, కాగితం చెక్కుచెదరలేదు. చేతిలో పెడితే ఇటుకంత బరువు. మా రొట్టెల డబ్బా వెనక ఛార్జరేమో అగ్గిపెట్టెకి అన్న లాంటిది.

"తూయిస్కూ," అంది నెమ్మదిగా. నన్ను పూర్తి పేరుతో పిలిచిందంటే గుండె జారినట్టే. "ఈ చిప్‌కి ఎక్కువ కరెంటు కావాలేమో?"

నేను కత్తెర తెచ్చి కాగితం కత్తిరించేశాను. వద్దని అరిచేలోపే అయిపోయింది. అసలు ఛార్జర్ తగిలించి ఆట పెట్టాను. గుర్రం మంచు మీద పరిగెత్తింది. ఎక్కడా ఆగలేదు. దాని జూలు వెంట్రుక వెంట్రుకా విడివిడిగా ఎగిరింది. అంత అందమైన గుర్రాన్ని చూసి అంత ఏడుపొచ్చిన రోజు నాకు ఇంకోటి లేదు.

అమ్మమ్మ కుర్చీని తడమకుండానే కూర్చుంది.

అప్పుడు నేను నోరు విప్పాల్సొచ్చింది. "అమ్మమ్మా, మొదటిసారి ఆడినప్పుడు తెర మూల గీతలా సన్నటి పసుపు పట్టీ వచ్చింది. ఛార్జర్ బలం చాలట్లేదని రాసుంది. గుర్రానికి అడ్డొస్తోందని వేలితో పక్కకి తోసేశాను."

"ఎన్నిసార్లు?"

"వచ్చినప్పుడల్లా. టచ్‌స్క్రీన్ కదా, తొయ్యడం తేలిక."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. గోడవైపు చూస్తూ, "అక్కడి దాకా తెచ్చింది నా రొట్టెల డబ్బా ఛార్జరేగా" అంది.

కాసేపటికి నా బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. మంచి పనులకి అది ఎప్పుడూ అంత చురుగ్గా ఉండదు. "అమ్మమ్మా, కాగితం ఎలాగూ చిరిగిపోయింది. ఎప్పుడు చిరిగిందో ఎవడికి తెలుసు? 'అవునండీ, మీ ఛార్జరే వాడాం' అని ఒక్క ముక్క రాసెయ్. ఈ యంత్రానికేదో జబ్బు చేసిందనుకుంటారు. ఇంకోటి పంపిస్తారు. దాన్ని బాగుందని రాస్తావు. అందరూ బాగుంటారు."

"నోర్ముయ్."

"నీ పేజీ పోతుంది అమ్మమ్మా."

అది నిజం. వసంతంలోనే సంపాదకుడు యౌకో పెల్తారి చెప్పాడు, పై కమిటీవాళ్ళు ఆ పేజీ తీసేసి కుర్రాళ్ళ చేత వీడియోలు చేయిద్దామంటున్నారని. "మీ మీద ఒక్క మాట కూడా రాలేదు కాబట్టి అడ్డం పడగలుగుతున్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటా ఇప్పుడు మా వంటింటి బల్ల మీద కూర్చునుంది. వచ్చే సంచికలో ఏం వెయ్యాలన్నా మంగళవారం మధ్యాహ్నం పన్నెండులోపు ఇవ్వాలి.

అమ్మమ్మ నూహోల్మ్‌కి జవాబు రాయలేదు. నిజమూ రాయలేదు, అబద్ధమూ రాయలేదు. ఆ రోజంతా ఉత్తరం తెరవడం, మూయడం. సాయంత్రం రై ధాన్యపు రొట్టె మీద వెన్న రాసి, తినడం మర్చిపోయి, దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టింది.

శనివారం ఐదింటికి మా భవనంలో ఆడవాళ్ళ సౌనా. రానంటే నేనే లాక్కెళ్ళాను. పై మెట్టు మీద రెండో అంతస్తు రైలీ ముందే ఎక్కి కూర్చునుంది. అమ్మమ్మ కంటే ఓ ఏడాది పెద్దది, గొంతు మాత్రం మూడు భవనాలకి సరిపోతుంది.

"రా రా హిల్కా! నీకు దణ్ణం పెట్టాలి తల్లీ! మా మనవరాలు ఆ సన్నదాన్నే కొందామనుకుంది. ఇళ్ళ నమూనాల చదువు కదా దానిది. నీ పేజీ చూపించాను. బట్టలు బాగున్న బద్ధకస్తుడు! నవ్వలేక చచ్చాం. ఆ సాయంత్రమే వేరేది కొనుక్కుంది."

"ఏది?" అంది అమ్మమ్మ.

"ఏదో పెద్దదిలే. బండరాయిలా ఉంది. నిన్న ఒక్కరోజు మోసుకెళ్ళినందుకే వీపు నొప్పంటోంది. అయినా మోసపోలేదు కదా! నీ మాట మీదే కొన్నాం."

అమ్మమ్మ గరిటెతో కాలుతున్న రాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆవిరి లేచింది. మళ్ళీ పోసింది. మళ్ళీ.

"ఏమే, మమ్మల్ని ఉడకబెడతావా?" అని రైలీ చెవులు మూసుకుంది.

అమ్మమ్మ మొహం ఎర్రగా తడిసిపోయి ఉంది. సౌనాలో అందరి మొహాలూ అలాగే ఉంటాయి. అదొక్కటే ఆ రోజు మాకు కలిసొచ్చింది.

"రైలీ," అంది చివరికి, "అది బద్ధకస్తుడు కాదు. దానికి తిండి పెట్టకుండా పరిగెత్తమన్నది నేను."

రైలీకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ మూడు భవనాల గొంతు ఎక్కడికి పోయిందో తెలీదు. "అయ్యో," అంది, "మరి దాని పెట్టె పారేశాం కదే, ఇక వెనక్కి తీసుకోరు." మాకంటే ముందు లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం అమ్మమ్మ మంచం దిగలేదు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. ఇరవై రెండేళ్ళలో రాసినవన్నీ తలుచుకుంటున్నానంది. "ఆ రొట్టెల డబ్బా ఛార్జర్ పెట్టి ఎన్ని యంత్రాల్ని పరీక్ష చేశానో లెక్క తేలడం లేదే."

సోమవారం పొద్దున ముందు నూహోల్మ్‌కి ఉన్నదున్నట్టు రాసేసింది. తర్వాత యౌకోకి ఫోన్ చేసింది. నేను వినాలని స్పీకర్ పెట్టింది.

"యౌకో, పేజీ మొత్తం కావాలి. తప్పు రాశానని చెప్పుకోవడానికి."

అటు యౌకో కుర్చీ జరిపిన చప్పుడైంది. "హిల్కా గారూ, ఇంకెవరికైనా చెప్పారా?"

"నూహోల్మ్‌కి రాశాను."

"సరే, ఆయనతో నేను మాట్లాడతాను. మంచివాడిలాగే ఉన్నాడు. పత్రికలో వద్దు. నెలాఖరున కమిటీ కూర్చుంటుంది. మీరు ఈ పని చేస్తే నేను అక్కడ నోరెత్తలేను."

"ఎత్తొద్దు."

"పోనీ మూడు లైన్లు వేద్దాం. వెనక పేజీలో, ప్రకటనల కింద."

"తప్పు పేజీ నిండా రాశాను బాబూ. ఒప్పు మూడు లైన్లు రాస్తే ఎవరికి కనపడుతుంది?"

"మీ మంచికే చెబుతున్నాను. ఇదే మీ చివరి పేజీ అవుతుంది."

అమ్మమ్మ నా వైపు చూసింది. ఒక్కసారి 'వద్దు' అను, ఆపేస్తాను అన్నట్టుంది ఆ చూపు. అందామనే నోరు తెరిచాను. పసుపు గీత కళ్ళముందుకొచ్చింది. మూసేశాను.

"వెయ్యి," అని ఫోన్ పెట్టేసింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆ రోజూ, మంగళవారం పొద్దునా అన్ని పరీక్షలూ మొదటినుంచి చేసింది, ఈసారి అసలు ఛార్జర్‌తో. అడుగు వేడి నలభై నాలుగు డిగ్రీలు. ఫ్యాను చప్పుడు పక్కగదిలోకి వినపడుతుంది. చిప్ పెట్టె మీద రాసినంతా పనిచేస్తుంది. ఛార్జర్ మాత్రం ఇటుక, సన్న యంత్రంతో పాటు దాన్నీ మొయ్యాల్సిందే. అన్నీ రాసింది. కారణం దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

"నా పేరు రాయి," అన్నాను. "ఆడింది మనవరాలు, గీత తోసేసింది మనవరాలు. నాకేం, నాకు పోయే పేజీ లేదు."

"నా పేజీలో తప్పు చేసే హక్కు నాకొక్కదానికే ఉంది." మళ్ళీ రాసింది: "ఆట ఆడి చూశాను, హెచ్చరిక వచ్చింది, పట్టించుకోలేదు." రాసి, కళ్ళద్దాలు తీసి, దాన్నే చూస్తూ కూర్చుంది. "ఇది కూడా అబద్ధమేనే. ఆడింది నేను కాదుగా."

"మరి నా పేరు రాయి."

"రాయను. జరుగు."

నన్ను కుర్చీలోంచి లేపింది. రొట్టెల డబ్బా వెనకనుంచి పాత ఛార్జర్ తీసి తగిలించింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆట తెరిచింది. గుర్రం ఎక్కడానికే పది నిమిషాలు పట్టింది. ఎక్కాక, వెనక్కి తిరిగి కూర్చున్నట్టు గుర్రాన్ని ఎటో పోనిచ్చింది. చెరువులో పడింది. మళ్ళీ ఎక్కింది. చెట్టుకి గుద్దుకుంది.

"ఎడం పక్క నొక్కు! ఎడం, ఎడం అమ్మమ్మా!"

"అరవకే, గుర్రం బెదురుతుంది."

గుర్రం రెండడుగులు వేసి ఆగింది. మూల పసుపు గీత వచ్చింది. అమ్మమ్మ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత చూపుడువేలు చాచి, పక్కకి తోసేసింది.

"నిజంగానే చాలా తేలిక," అంది.

గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని మీద కొత్తగా రాసింది: "వేరే ఛార్జర్ పెట్టాం, తెర మీద హెచ్చరిక వచ్చింది. ముందు మా ఇంట్లో దాన్ని తోసేశాం. తర్వాత చూస్తూ చూస్తూ నేనే తోసి చూశాను. ఎవరైనా తోసేస్తారు. అందుకే చెబుతున్నాను, చదవండి." కింద సంతకం పెట్టి, ఫోన్లో ఫోటో తీసి పంపమని నాకిచ్చింది.

పంపాను. యౌకో నుంచి "అందింది" అన్న ఒక్క మాటే వచ్చింది.