మహాదేవి చేతులు తడబడిన రోజు

2023 వేసవిలో నన్ను కర్నూలు నుంచి ఆదోనికి పంపారు. అనస్థీషియాలో ఎం.డి. చేస్తున్నాను, అది రెండో ఏడాది. పీజీ చదివే ప్రతి డాక్టరూ పెద్ద కాలేజీ వదిలి మూడు నెలలు బయటి ఆసుపత్రిలో పనిచేయాలన్నది నిబంధన. దాన్ని డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అంటారు. అది పూర్తి చేయకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మాది కోడుమూరే కాబట్టి ఆదోని ఎండ నాకేం కొత్త కాదు. కానీ గుండె ఆపరేషన్లు, మెదడు ఆపరేషన్లు జరిగే చోటు వదిలి మూడు నెలలు ఊరికే పోతాయని గొణుక్కుంటూనే బస్సెక్కాను.

అక్కడ నాకు నేర్పాల్సిన డాక్టరు షంషాద్ మేడమ్. ఆదోనిలోనే పుట్టి పెరిగి, చదువయ్యాక మళ్లీ ఆదోనికే వచ్చి మత్తు ఇస్తున్న మనిషి. మొదటిరోజే నాకు రెండు షరతులు పెట్టారు.

“నేను థియేటర్లో లేకుంటే నువ్వు సూది పట్టుకోవద్దు బేటా. ముందురోజు పేషెంటు పక్కన కూసోకుండా, తెల్లారి వాళ్ల తలకాడ నిలబడొద్దు. ఈ రెండూ సేస్తే మిగతాది నేను నేర్పిస్తా.”

ముందురోజు వెళ్లి చూడటాన్ని మేం ప్రీ-ఆప్ విజిట్ అంటాం. షుగరుందా, ఉబ్బసముందా, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, నోరు ఎంత తెరుచుకుంటోంది, వెన్ను నిటారుగా ఉందా - ఇవన్నీ చూసి రాసుకోవాలి. కర్నూలులో రోజుకు చాలామందిని చూడాల్సి వచ్చేది కాబట్టి నిలబడే అడిగి, నిలబడే రాసుకుని పోవడం నాకు అలవాటు. మేడమ్ మాత్రం స్టూలు లాక్కుని కూర్చునేవారు.

మహాదేవి నా ఆదోని రోజులు సగం గడిచాక వచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి కోడలు, తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని సిజేరియన్‌కు రోజు పెట్టారు. పుట్టుకతోనే ఆమెకు వినపడదు, మాట రాదు. బడికి పోయి నేర్చుకున్న సైగల భాష కాదు ఆమెది, ఇంట్లో పుట్టి ఇంట్లోనే పెరిగిన సైగలు. వాటిని నాకు తెలుగులో చెప్పింది ఆమె అత్త నాగమ్మ.

“ఈ సైగలన్నీ నీకెట్ల వచ్చినాయమ్మా?” అని అడిగాను.

“పెండ్లయి వచ్చినప్పుడు నాకేం తెల్దు మా. మగ్గాలు ఆడతాంటే ఆ సప్పుడులో మాకు మాత్రం యాడ ఇనపడ్తాది? మేమూ ఎప్పటిసందో సైగలే సేసుకుంటాం. మిగిలినవి ఆపిల్లే నేర్పించింది. ఇప్పుడు మా ఇంట్లో అరిసేవాళ్లు ఎవురూ ల్యారు,” అని నాగమ్మ నవ్వింది.

నేను రాసుకున్నది చూపిస్తే మేడమ్ ఒక్కటే అడిగారు. “అంతా బాగుంది. రేపు ఊపిరాడకపోతే ఆ అమ్మాయి నీకెట్ల సెప్తాది?”

సిజేరియన్ చాలావరకు స్పైనల్ కిందే చేస్తాం. అంటే వెన్నులో సన్నని సూదితో మందు ఇచ్చి, నడుము కింది భాగాన్ని మొద్దుబార్చడం. తల్లి మెలకువగానే ఉంటుంది. మేం తల దగ్గర నిలబడి ఆమెతో మాట్లాడుతూనే ఉంటాం. ఊరు, పిల్లలు, వంట, ఏదో ఒకటి. అది ధైర్యం చెప్పడానికే కాదు, గొంతులో తేడా వస్తే మాకు తెలుస్తుంది. మహాదేవి విషయంలో ఆ దారి లేదు.

ఆ సాయంత్రం మళ్లీ వార్డుకు పోయి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ముంజేతిని గిల్లినట్టు చూపిస్తే నొప్పి. అరచేతిని పొట్ట మీదినుంచి గొంతుదాకా తెస్తే వాంతి. రొమ్ము మీద అరచెయ్యి పైకీ కిందికీ ఆడిస్తే ఊపిరి. బొటనవేలిని నాలుగు వేళ్లతో గట్టిగా కలిపితే ‘బాగుంది’. నేను చేసి చూపిస్తుంటే మహాదేవి పొట్ట పట్టుకుని నవ్వింది. నొప్పి అనబోయి నేను చీమ అన్నానట. నా వేళ్లు పట్టుకుని సరిచేసింది. ఒకటికి నాలుగుసార్లు చేయించి, వచ్చిందని తల ఊపాకే వదిలింది.

మరుసటి ఉదయం మేడమ్ థియేటర్లో అందరికీ ముందే చెప్పారు. “ఈ అమ్మాయి కుడిచెయ్యి కట్టొద్దు. సెలైను, బీపీ పట్టీ అన్నీ ఎడమచేతికే. ఆ చెయ్యే ఆమెకు నోరు.” నా మాస్కు గురించి కూడా ఆలోచించారు. పెదాలు కనపడకపోతే మహాదేవికి సగం మాట పోయినట్టే. సూది వేసేటప్పుడు మాస్కు తప్పదు. ఆ తర్వాత, ఆపరేషన్ కనపడకుండా అడ్డం కట్టే తెరకు ఇవతల, తల దగ్గర నిలబడే నాకు మాత్రం కోవిడ్ నాటి పారదర్శక ఫేస్ షీల్డు పెట్టుకోవచ్చని సర్జన్ మేడమ్‌ను ఒప్పించారు.

స్పైనల్ నేనే ఇచ్చాను. మహాదేవి ముందుకు వంగి కూర్చుంటే షంషాద్ మేడమ్ ఆమెకు ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకున్నారు. భుజం ఒకసారి నొక్కితే చురుక్కుమంటుందని, రెండుసార్లు నొక్కితే కదలొద్దని ముందే అనుకున్నాం. ఆమె రాయిలా కూర్చుంది. మందు సాఫీగా పోయింది. పడుకోబెట్టి, స్పిరిట్ తడిపిన దూదితో చల్లదనం ఎక్కడిదాకా తెలియడంలేదో చూశాను. ఉండాల్సినచోటే ఉంది. కొంచెం బీపీ తగ్గితే మందిచ్చి సరిచేశాం.

బిడ్డ బయటికొచ్చి కెవ్వుమంది. మహాదేవి నా ముఖం వైపే చూస్తోంది. నేను నోరు పెద్దగా తెరిచి, ఏడ్చినట్టు ముఖం పెట్టి, తెర అవతలికి చూపించాను. ఆమెకు అర్థమైంది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నర్సు తెచ్చి చూపించింది, ఆడపిల్ల.

కాసేపటికి మహాదేవి ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. ముందురోజు నేర్చుకున్నది మర్చిపోయానేమో అనుకున్నాను. మూడోసారి ఆమె చెయ్యి లేచింది కానీ వేళ్లు ఒకదానికొకటి అందలేదు. బొటనవేలు అరచేతి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. బిడ్డ ‘బాగుందా’ అని అడగబోతోంది, ఆ మాట పూర్తి కావడం లేదు. నత్తిగా మాట్లాడే మనిషిని విన్నట్టు అనిపించింది నాకు.

అప్పుడు వెలిగింది. నా రెండు వేళ్లు ఆమె అరచేతిలో పెట్టి పిడికిలి బిగించమని చూపించాను. పట్టు లేదు. నిన్న నా వేళ్లను వంచి సరిచేసిన చెయ్యి అది.

“మేడమ్, గ్రిప్ పోతోంది!”

మానిటర్ మీద అంకెలు ఇంకా బాగానే ఉన్నాయి. ఆమె ఊపిరి కూడా బయటికి మామూలుగానే కనిపిస్తోంది. కానీ స్పైనల్ మందు కొందరిలో అనుకున్నదానికన్నా పైకి ఎక్కుతుంది. దాన్ని హై స్పైనల్ అంటాం. అది మెడవైపు పోతుంటే ముందు వేళ్లు బలహీనపడతాయి, ఆ తర్వాత ఊపిరి తీసే కండరం. మేడమ్ నా పక్కకు వచ్చేసరికే నేను ఆక్సిజన్ మాస్కు పెట్టాను. నిమిషాల్లో నాడి నెమ్మదించింది, బీపీ జారింది. మేడమ్ ఒకదాని వెంట ఒకటి మందులిస్తూ, “నువ్వు బ్యాగ్ వదలొద్దు. ఆమె తీసే ఊపిరికి నీ ఊపిరి కలుపు,” అన్నారు. బ్యాగ్ అంటే, నొక్కితే మాస్కులోంచి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి. ఆమె రొమ్ము కొంచెం లేచినప్పుడల్లా నేను నొక్కుతున్నాను.

మహాదేవికి పూర్తి మెలకువ ఉంది. చేతులు రెండూ పడిపోయాయి. ఏం జరుగుతోందో అడగడానికి ఆమెకు దారి లేదు. కళ్లు మాత్రం నన్ను వదలడం లేదు. అంత భయం నేను అంతకుముందు ఎవరి కళ్లలోనూ చూడలేదు. “నేను గాలి ఇస్తాండా, ఏం కాదు,” అని పెదాలతో మళ్లీ మళ్లీ చెప్పాను. నా రెండు చేతులూ మాస్కు మీద, బ్యాగు మీద ఉన్నాయి. సైగ చేయడానికి నాకూ చెయ్యి లేదు.

మేడమ్ అది గమనించారు. “బయట అత్త ఉంది, గౌను వేసి తీసుకురండి,” అన్నారు నర్సుతో.

నాగమ్మ వచ్చింది. కోడలి ముఖం మీది మాస్కు, కదలని చేతులు చూసి ఒక్క క్షణం ఆగింది. “సేతులు తిరిగి వస్తాయా మా?” అని మెల్లగా అడిగింది.

“వస్తాయమ్మా. మందు దిగేదాకా ఊపిరికి తోడుండాల. ఆ అమ్మాయికి సెప్పు,” అన్నారు మేడమ్.

నాగమ్మ కోడలికి కనపడేలా నిలబడి సైగలు మొదలుపెట్టింది. తొందర లేదు, వణుకు లేదు. బిడ్డ నీ పోలికే. గట్టిగా ఏడుస్తోంది. జుట్టు ఒత్తుగా ఉంది. ఈ డాక్టరమ్మ నీకు గాలి ఇస్తోంది. చేతులు నిద్రపోయినాయి, లేస్తాయి. చెప్పింది అయిపోతే మళ్లీ మొదటినుంచి చెప్పేది. మహాదేవి కళ్లు అత్త చేతుల వెంటే తిరిగాయి. కనుబొమల మధ్య ముడి మెల్లగా విడిపోయింది. నాడి కూడా నిలకడకు వచ్చింది. గొంతులో గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు.

ఆపరేషన్ అయిపోయింది. మేం మాత్రం అలాగే ఉన్నాం. చాలాసేపటికి కుడిచేతి బొటనవేలు కదిలింది. తర్వాత మిగతా వేళ్లు. చెయ్యి లేపగలిగాక మహాదేవి అత్తతో ఏదో చెప్పింది. నాగమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బిడ్డ గురించి అడిగిందేమో అనుకున్నాను.

“ఏమంటాంది?” అన్నాను.

“పాపం ఆ డాక్టరమ్మ ఎంతసేపటి నుంచి పిసుకుతాందో, సేతులు నొప్పి పుడ్తాంటాయి, కూసోమని సెప్పు అంటాంది మా.”

మేడమ్ నా చేతిలోంచి బ్యాగ్ తీసుకుని స్టూలు ముందుకు తోశారు. “కూసో బేటా. పేషెంటు మాట ఇనాల,” అన్నారు.

మధ్యాహ్నం టీ తాగుతూ, డోసులో తప్పేమైనా ఉందా అని అడిగాను. లేదన్నారు. గర్భిణుల్లో కొందరికి అలా అవుతుందని, ఎవరికవుతుందో ముందు తెలియదని చెప్పారు. “మానిటర్లో అంకె పడినాక పరిగెత్తితే కూడా బతికించేవాళ్లమే. కానీ ఆ అమ్మాయి ఊపిరాడక కొట్టుకున్నాక పరిగెత్తేవాళ్లం. నువ్వు అంతదూరం పోనీలేదు,” అన్నారు. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఇప్పటికీ దాచుకున్నాను.

శిక్షణలో ఎన్ని స్పైనళ్లు ఇచ్చాం, ఎన్ని గొట్టాలు వేశాం అని లెక్క చూపాలి. చూపాను, పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు నా దగ్గరికి జూనియర్లు వస్తున్నారు. కేసు గురించి అన్నీ చెప్పాక, “రేపు బాగాలేకపోతే ఆ మనిషి నీకెట్ల సెప్తాడు?” అని అడుగుతాను. జవాబు లేకపోతే వార్డుకు పంపిస్తాను. ముసలివాళ్లు, కన్నడం తప్ప రానివాళ్లు, మొగుడి ముందు నోరు విప్పని ఆడవాళ్లు - ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. అది ముందే కనుక్కోవాలి. ఈ సంగతి నాకు నేర్పింది షంషాద్ మేడమ్, ఎమ్మిగనూరు అత్తాకోడళ్లు. ఆ ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను.

ఇంటికి పోయే రోజు మహాదేవి బిడ్డను నా ఒడిలో పెట్టింది. నావైపు చూపించి, బ్యాగ్ నొక్కినట్టు పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి, అత్తకు ఏదో చెప్పింది. నాగమ్మ నాకు అర్థం చెప్పింది.

“మా ఇంట్లో అందరికీ ఒక్కో సైగ పేరు ఉండాది మా. ఇప్పటిసంది నీ పేరు అది.”