పక్కింటావిడ ఓక్ అడవి

మా పక్కింటావిడ పోయారని సోమవారం పొద్దున కాలనీ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. వరసగా దండాలు, పూలు. ఇంటి ముందు గడ్డి కోయించట్లేదని ఆవిడ మీద కంప్లెయింట్ ఇచ్చినవాళ్ళే అందరికన్నా ముందు పెట్టారు. చూసి ఒళ్ళు మండింది. అలాగని ఆవిడ మంచి మనిషని మీకు చెప్పను. మా ఇద్దరికీ అస్సలు పడేది కాదు.

ఆవిడ పుట్టింది ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్‌లో. పెళ్ళయ్యాక అమెరికాకి, ఈ వర్జీనియాకి వచ్చారట. ఇక్కడ ఆష్‌బర్న్‌లో మా ఇళ్ళ వెనక చెట్లు కొట్టేసి, రాత్రింబవళ్ళు వేల కంప్యూటర్లు నడిచే డేటా సెంటర్ కట్టారు. నా ఉద్యోగం అలాంటిదాంట్లోనే. కంచె దగ్గర కనిపిస్తే చాలు, "మీవాళ్ళ పనే ఇది" అనేవారు. ఆ తర్వాత వాళ్ళ ఊరి అడవి కథ మొదలు. చిన్నదేనట, అన్నీ ఓక్ చెట్లే. మధ్యలో వెనకటివాళ్ళు కొలిమి కోసం చెట్లు కాల్చి బొగ్గు చేసిన చదును నేలలు, కింద వాగు ఒడ్డున ఇనుము కరిగించిన ఆ పాత కొలిమి, పైన గుట్ట మీద కూలిన కోట గోడ.

"ఆ కొలిమి మా అడవినంతా తినేసింది. కానీ ఆరిపోయింది, అడవి మళ్ళీ వచ్చింది. మీది ఆరదు."

నేను వినీ విననట్టు లోపలికి వచ్చేసేదాన్ని.

పోయినేడు ఆఫీస్ పని మీద లండన్ వెళ్తున్నానని తెలిసి, తొలిసారి మా తలుపు కొట్టారు. "ఆ అడవి ఉందో లేదో చూసిరా." అడిగినట్టు కాదు, పని పురమాయించినట్టు.

నేను వెళ్ళలేదు. రైల్లో నాలుగు గంటలు ఎవరు కూర్చుంటారని, హోటల్ పక్క పార్కులో చెట్లు ఫోటో తీసి తెచ్చి చూపించాను. ఆవిడ ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు.

"ఇది ఓక్ కాదు, బీచ్ అనే వేరే జాతి చెట్టు. మా దగ్గర ఒక్కటి కూడా లేదు. వెళ్ళలేదని చెప్తే సరిపోయేది."

మొహం మీదే తలుపేశారు. "పెద్దావిడతో నీకెందుకు?" అన్నారు మా ఆయన. నా సిగ్గంతా కోపమైంది. ఈ మార్చిలో మళ్ళీ లండన్ పని పడితే పంతం కొద్దీ వెళ్ళాను. అడవి ఉంది. తొమ్మిది ఫోటోలు ప్రింట్ తీయించి తెచ్చాను. ఆవిడ తలుపు తీయకపోతే గుమ్మంలో పెట్టి వచ్చాను.

మూడో రోజు అవి మా గుమ్మంలో ఉన్నాయి. వద్దని తిరగ్గొట్టారనుకున్నాను. తిప్పి చూస్తే, ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో ఆ చోటి పేరు వాళ్ళ భాషలో. కింద ఇంగ్లీషులో నాకు చీవాట్లు. 'ఇక్కడ దారి తప్పావు.' 'వాగేది?' ఇంత ఓపిగ్గా నన్నెవరూ తిట్టలేదు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. కంచె దగ్గర ఇద్దరం మొహాలు తిప్పుకునే ఉన్నాం.

ఇప్పుడు ఫోటోలు బల్ల మీద పరిచాను. కోట గోడ దగ్గర ఒక రాయి మీద కాలు పెట్టి, నవ్వుతూ నేను దిగింది చివరిది. దాని వెనక ఇలా ఉంది:

'మా అమ్మా నేనూ ఈ రాయి మీదే కూర్చుని రొట్టె తినేవాళ్ళం. నీ బూటు తియ్యి.'