అవిసె అని చెప్పిన మాత్ర

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మా అత్త చేత రోజూ మింగించాను. ఆ బరువు ఇక మోయలేను. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీకు పూర్తిగా చెప్పగలను.

మాది పాతపట్నం దగ్గర ఊరు. చేపల పులుసు లేనిదే అత్తకు ముద్ద దిగేది కాదు. మా అబ్బాయి చంటివాడిగా ఉన్నప్పుడు ఆయాసంతో చావు దాకా వెళ్లాడు. వాడు బతికితే జన్మలో నీసు ముట్టనని ఆవిడ మొక్కుకుంది. వాడు బతికాడు. ఆవిడ మాట తప్పలేదు.

తర్వాత ఆవిడ రక్తంలో కొవ్వు బాగా పెరిగింది. డాక్టరు చేప నూనె మాత్రలు రాశాడు. అవిసె గింజలు సరిపోవా అని అడిగాను. రెండింటిలోనూ ఒమేగా-3 ఉన్నా రకాలు వేరని, అవిసెలోది ఒంట్లో చేప రకంగా మారేది చాలా కొద్దేనని చెప్పాడు. మొక్కు సంగతి నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? చదువుకున్న కోడలినన్న పొగరు, అంతే. మాత్రలన్నీ అవిసె గింజల డబ్బాలో పోసి, అవిసె నూనెవని చెప్పి ఇచ్చాను.

మొదటి రోజే ఆవిడకు త్రేన్పు వచ్చింది.

“ఒసే, ఇదేటే, నీసు కంపు కొడతన్నాది?”

“అవిసె నూనె అలాగే ఉంటాదత్తా.”

“నువ్వు సెప్తే సాల్లే, మింగుతాను.”

ఆ నమ్మకమే నన్ను తినేసింది. కొవ్వు తగ్గింది, నిజమే. కానీ నా బిడ్డ కోసం ఆవిడ నోరు కట్టుకుంటే, ఆ కట్టు విప్పడానికి నేనెవరిని? మొక్కుల్లో ఏముందిలే అనుకున్న నేనే, వాడికి కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆ డబ్బా వైపు చూసి వణికేదాన్ని.

ఈమధ్యే తెలిసింది. సముద్రపు నాచు నుంచి తీసిన నూనె మాత్రలు కూడా ఉన్నాయట. చేపలో ఉండే రకమే, నీసు మాత్రం కాదు. ఆ రోజు మొక్కు గురించి ఒక్క మాట అని ఉంటే దారి దొరికేదేమో! డాక్టరును అడిగి అవి తెచ్చాను. గుట్టుగా పాత డబ్బాలో పోసేస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి డబ్బా దాకా వెళ్లింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

ఈ పొద్దున కొత్త సీసా అత్త ముందు పెట్టి, జరిగిందంతా చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. పెరట్లోకి వెళ్లి చాలాసేపు నోరు పుక్కిలించింది. తర్వాత లోపలికొచ్చి, నాకంటే పొడుగైన మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. సీసా మూత ఇంకా తీయలేదు.

తీస్తుందో లేదో ఆవిడ ఇష్టం. ఇకమీద మా అత్త ఏది మింగినా, అదేమిటో తెలిసే మింగుతుంది.