వట్టివేళ్ల గట్టు విరిగిన నాడు

మొన్న ఎండలు ముదరగానే మనవరాలు కూలర్‌కు కొత్త వట్టివేళ్ల తడికె బిగించి నీళ్లు చల్లితే, ఆ వాసనకు ఇంటిల్లిపాదీ హాయిగా కళ్లు మూసుకున్నారు గానీ, నేను మాత్రం లేచి బయటికి వచ్చేశాను. మంచి వాసనంటే భయమేమిటని పిల్లలు నవ్వుతారు, మన ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

పందొమ్మిది వందల నలభైల మొదట్లో, పట్నం పక్కనున్న కొత్వాల్‌గూడకు కోడలిగా వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్లు ఉంటాయేమో. మా అత్తవారికి వాగు పక్క ఇసుక నేలలో వట్టివేళ్ల మడి ఉండేది. పట్నంలో బంగళాల కిటికీలకు తడికెలు అల్లేవాళ్లు ఆ వేళ్లు కొనుక్కుపోయేవారు. వేరు ఎంత పొడుగుంటే అంత గిరాకీ కనుక, తెగకుండా తీయడానికి దుబ్బులు పెరిగిన గట్టు కింద మనిషి నిలువు లోతు తవ్వేవాళ్లం. మా అత్త చెడ్డది కాదు, కానీ ఆమె గొంతు వింటే నా చేతిలో చెంబు జారిపోయేది.

ఒకనాడు పొద్దున్నే మా ఆడబిడ్డ, నాకన్నా రెండేళ్లు చిన్నది, ఆ ఇంట్లో నన్ను చూసి నవ్విన మొదటి మనిషి, గోతిలోకి దిగి గట్టు కిందికి దూరి తవ్వుతోంది. పైన మట్టి మోస్తున్న నాకు గట్టు మీద సన్నని పగులు కనిపించింది. చూస్తుండగానే అది జానెడు సాగింది. చెబుదామని నోరు తెరిచాను.

"ఏంది, గట్ల నిలబడ్డవ్? పని నడువనియ్యి," అన్నది అత్త.

నోరు మూసుకున్నాను. తట్ట ఎత్తుకొని నాలుగడుగులు వేశానో లేదో, వెనక దబ్బున చప్పుడైంది. తిరిగి చూస్తే గొయ్యి లేదు, పిల్లా లేదు.

పార వేస్తే ఎక్కడ తగులుతుందోనని అందరం చేతులతోనే తోడాం. గోళ్లు ఊడి నెత్తురు కారుతున్నా తెలియలేదు. ఈ పిల్ల చచ్చిపోతే చంపింది నేనేనన్న భయం తప్ప నాలో ఇంకేమీ మిగల్లేదు. చివరికి వేళ్లు చిక్కుపడ్డ పెద్ద గడ్డను లేపితే, దాని కింద ఆమె ముఖం, కళ్ల నిండా మట్టి, ముక్కు దగ్గర పిడికెడు ఖాళీ. ఆ వేళ్లు మట్టిని పట్టి ఉంచబట్టే ఊపిరి ఆడింది.

చాలా రోజులు మంచం మీద ఉండి లేచింది. ఆ రోజుల్లోనే ఒకనాడు గుడ్డ చుట్టిన నా చేతులు పట్టుకొని, "నువ్వు లేకుంటే సచ్చిపోదును వదినా," అన్నది. పగులు చూసిన సంగతి అప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఆమెను ఊళ్లోనే ఇచ్చారు, ముసలితనం దాకా కలిసి బతికాం. ఆమె కన్నుమూసింది, ఆ మాట నాలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మడీ లేదు, వాగూ లేదు, ఊరి పక్కనే విమానాశ్రయం వచ్చి విమానాలు నెత్తి మీదుగా దిగుతుంటాయి. పోయినవాటి కోసం అందరిలాగే నేనూ వాపోతాను. కానీ మా చిన్న కోడలు వంటింట్లోంచి, "గట్ల కాదు అత్తమ్మా, జర ఆగు!" అని గట్టిగా అన్నప్పుడు, నా ఈడు చుట్టాలు ముక్కున వేలేసుకుంటారు గానీ, నేను మాత్రం ఆ గొంతు ఎప్పటికీ తగ్గకూడదని కోరుకుంటాను.