నడిమి చుక్క

ఆ భౌతికశాస్త్రవేత్త ఏది చెబుతున్నా ఆయన చూపుడువేలు గాలిలో చిన్న చిన్న సున్నాలు చుడుతూ పక్కకి జరుగుతుంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ కణాలు అలాగే నడుస్తాయి మరి. గిరగిరా తిరిగే కణం వెంటపడితే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుంది. అందుకే సున్నాలు చెరిపేసి, వాటి నడిమి చుక్క ఎటు జరుగుతోందో మాత్రమే లెక్కగట్టడం ఆయన విద్య. క్యాంటీన్ బల్ల మీద ఒలికిన టీతోనూ ఆ బొమ్మే గీస్తాడు. అరచేత్తో తుడిచి, చుక్క ఒక్కటే మిగిల్చి మురిసిపోతాడు.

కిందటి నెల మీటింగులో ఆయన లెక్కకీ, ప్రయోగశాల అమ్మాయి కొలతకీ పొంతన కుదరలేదు. “నీ పరికరమే తేడాగా ఉందమ్మా, చూసుకో!” అన్నాడు అందరి ముందూ. ఆమె తల దించుకుంది. ఈ ఉదయం పళ్లపై బ్రష్ గుండ్రంగా తిప్పుతూ ఆయన ఠక్కున ఆగిపోయాడు. చెరిపిన సున్నాలను చివర్లో మళ్లీ కలపాలి కదా! ఆమె కొలిచింది కణాలను. తను పోల్చింది ఉత్త నడిమి చుక్కలతో. సిగ్గుతో చితికిపోతూ ప్రయోగశాల తలుపు తోశాడు. నోరు విప్పేలోపే ఆమె ఎదురొచ్చింది, కళ్ల కింద నలుపు, మొహం నిండా సంబరం. “మీరన్నట్టు తేడా నా దగ్గరే ఉంటుందని పరికరాన్ని మీ లెక్కకి సరిచేశాను సార్. ఇప్పుడు అచ్చుగుద్దినట్టు సరిపోయింది!”

లేవబోయిన వేలిని ఆయన పిడికిట్లో దాచుకున్నాడు. “తప్పు నాదేనమ్మా. నీ పాత కొలతే నిజం,” అని గొణిగాడు నేల చూస్తూ.

ఆమె తను సరిచేసిన పరికరం వైపు చూసింది. “మరి ఆరోజు అంత గట్టిగా అన్నారు కదా సార్,” అంది మెల్లగా.